మాంగాగ్రంథముల వెనుకయట్టమీఁది కథాసంగ్రహము

జపానుదేశమున “మాంగా” యని వ్యవహరింపఁబడు చిత్రకథాగ్రంథమును జేతఁ బట్టినవాఁడు మొదట ముఖచిత్రమును జూచును. పిదప గ్రంథమును ద్రిప్పి వెనుకయట్టమీఁద నచ్చుపడియున్న నాలుగైదు వాక్యములను జదువును. ఈ వాక్యములే కథాసంగ్రహము. గ్రంథమును గొనుటయు మానుటయు, పాఠశాలాభాండాగారమునఁ జేర్చుటయు మానుటయుఁ బెక్కుసారులు వీనివలననే నిర్ణయింపఁబడుచున్నవి. ఇంతటి పని చేయు రచన యెట్లుండవలయు నను ప్రశ్న పుస్తకవిక్రేతలదే కాని పండితులది కాదని యెంచుట పొరపాటు. కథలో నేది ముందుగాఁ జెప్పఁదగును, ఏది దాఁపఁదగును అను విచారము నాటకమునకుఁ బ్రస్తావన వ్రాసిన ప్రతికవికిని గలిగినదే.

జపానుభాషలో నీ సంగ్రహమునకు “అరసుజి” యని పేరు. “అర” యనఁగా ముతక. “సుజి” యనఁగా నరము, గీఁత, పోగు. కథ నడచు వరుసకును నదియే పేరు. మన “కథాసూత్ర” మను మాటతో దీనికిఁ గల పోలిక కాకతాళీయ మైనను చక్కనిది. అంతకంటె విచారింపఁదగినది “నెతబరె” యను మఱియొక మాట. కథలోని గుట్టును ముందుగా బయలుపఱచుట కీ పేరు పెట్టిరి. “తనె” యనఁగా విత్తనము. దాని యక్షరములను వెనుకముందులు చేసి వ్యవహారమున “నెత” యనిరి. హాస్యకథకుఁడు సభకుఁ దెచ్చు సరకు మొదలైనవానికిఁ గూడ నీ మాట చెల్లుచున్నది. “బరె” యనఁగా బయలుపడుట. కావున నెతబరె యనఁగా బీజము బయలుపడుట. ధనంజయుని దశరూపకము ననుసరించిన మన లాక్షణికులు బీజము ముఖసంధియందే నాటఁబడవలయు ననిరి. జపానుపాఠకుఁడు బీజము బయలుపడరా దనుచున్నాఁడు. ఇందు విరోధము లేదు. బీజములు రెండు తెఱఁగులు. ఏది తెలిసినపిమ్మటఁ గథ పెరుగునో యది చెప్పఁదగిన బీజము. ఏది తెలియుటకై కథ నడచునో యది దాఁపఁదగిన బీజము. సంగ్రహకర్త నేర్పంతయు నీ రెంటిని వేఱుపఱచుటయందే యున్నది.

అచటఁ గథ లచ్చుపడు పద్ధతి నెఱుఁగనివారికి సంగ్రహముయొక్క ప్రయోజనము సరిగా బోధపడదు. దీర్ఘచిత్రకథలు సామాన్యముగా మొదట వార మాస పత్రికలలో ధారావాహికముగా వెలువడును. 1959వ సంవత్సరమున నారంభమైన షోనెన్ మాగజిన్, షోనెన్ సండే యను వారపత్రికలును, 1968వ సంవత్సరమునఁ బుట్టిన షోనెన్ జంప్ పత్రికయు నీ పద్ధతికిఁ బేరెన్నికగన్నవి. కొన్ని ప్రకరణములు కూడినపిదప వానిఁ జేర్చి “తాంకోబోన్” అను ప్రత్యేకసంపుటముగా వేయుదురు. కావున సంపుటమును గొనువారిలోఁ బలువురు కథను బత్రికయం దదివఱకే చదివినవారు. వారికి వెనుకయట్టమీఁది మాటలు జ్ఞాపకము చేయుటకే కాని పరిచయము చేయుటకుఁ గాదు. తెలుఁగు వారపత్రికలలో ధారావాహికనవలల తలను “జరిగిన కథ” యని వేయు వాడుక యెట్టిదో యిదియు నించుమించుగా నట్టిదే.

పత్రికను జదువనివారి సంగతి వేఱు. జపానునందుఁ బెక్కు పుస్తకపుటంగళ్లలో మాంగాసంపుటములను బలుచని పారదర్శకపుఁ బొరతోఁ జుట్టి యమ్ముదురు. అంగడిలో నిలుచుండియే పుస్తకమంతయుఁ జదివి పెట్టిపోవు నలవాటు నాపుటకే యీ యేర్పాటు. ఆ యలవాటునకు “తాచియోమి” యని ప్రత్యేకముగా నొక పేరే కలదు. ఇట్లు చుట్టిన గ్రంథమును దెఱచి చూచుటకు వీలులేదు. కొనఁగోరువానికిఁ గనఁబడునవి ముఖచిత్రమును, వెనుకయట్టయు, అట్టచుట్టు నడికట్టువలెఁ గట్టిన కాగితపుఁబట్టియు మాత్రమే. ఆ పట్టికి స్త్రీపురుషుల యుడుపుమీఁది నడికట్టు పేరే, “ఓబి” యని, పెట్టిరి. ఓబిమీఁద పొగడ్తలును, అమ్ముడుపోయిన ప్రతుల సంఖ్యలును ఉండును. అది పారవేయఁదగిన కాగితము. వెనుకయట్టమీఁది మాట గ్రంథముతో నిలుచును.

అనువాదములయం దీ చిక్కు హెచ్చగుచున్నది. జపానుగ్రంథము కుడినుండి యెడమకుఁ జదువఁబడునది గావున దాని కుట్టు కుడివైపున నుండును. 2002వ సంవత్సరప్రాంతమునుండి యాంగ్లానువాదకులు పలువురు పటములను దలక్రిందు చేయక యా క్రమముననే యచ్చువేయఁ దొడఁగిరి. అందువలన మనవలె నెడమనుండి కుడికిఁ జదువువాఁడు మొదటియట్ట యనుకొని పట్టుకొనునది నిజమునకు వెనుకయట్ట. ముఖచిత్రముకంటె ముందుగా సంగ్రహమే వాని కంటఁబడుట యరుదు కాదు. వాఁడు పత్రికలోఁ గథను జదివినవాఁడును గాఁడు. జపానుసంపాదకుఁడు జ్ఞాపకార్థము వ్రాసినదానిని మాటకు మాట యనువదించి వేసినచో వానికిఁ దెలియని నలుగురి పేర్లును, వాఁ డెఱుఁగని పోరొక దాని ఫలమును మాత్రము చేతఁ జిక్కును. అనువాదగ్రంథమునకు సంగ్రహమును గ్రొత్తగా వ్రాయవలయునే కాని యనువదింపరాదు.

ఉరాసావా నవోకి రచించిన “మాన్‌స్టర్” అను కథ 1994 మొదలు 2001 వఱకుఁ బత్రికయందు వెలువడి పదునెనిమిది సంపుటములైనది. జర్మనీదేశమునఁ దెన్మా యను జపానీయుఁడు శస్త్రవైద్యుఁడు. వైద్యశాలాధికారి యాజ్ఞకు లోఁబడి యొకపరి ముందు వచ్చిన పేదకూలివానిని విడిచి ప్రసిద్ధుఁడగు గాయకునకు శస్త్రచికిత్స చేయును. కూలివాఁడు చనిపోవును. పిమ్మటఁ దలకుఁ దుపాకిగుండు తగిలిన బాలుఁ డొకఁడును, పురాధ్యక్షుఁడును వరుసగా వచ్చిన దినమున నాజ్ఞను ధిక్కరించి బాలుని బ్రదికించును; పురాధ్యక్షుఁడు మరణించును. ఏండ్లు గడచినపిదప నా బాలుఁడు హంతకుఁడై యతనియెదుట నిలుచును. దీనికి సంగ్రహము వ్రాయువాఁ డెచట నాఁగవలయును? బాలుఁడు హంతకుఁ డగు ననుట గుట్టు కాదా యని కొందఱు శంకింపవచ్చును. కాదు. అది మొదటిసంపుటముననే బయలుపడును. మిగిలిన పదునేడు సంపుటములును దానినుండి పెరిగినవి. ఆ మాటను దాఁచి “ఒక వైద్యుని జీవితమున ఘోరమగు మార్పు సంభవించెను” అని వ్రాయుట గుట్టును గాపాడుట కాదు, కథను మ్రింగుట. ఆ బాలుఁ డట్లేల యయ్యె నను నది మాత్రము కడవఱకు వెదకఁబడు విషయము. దానిమీఁద నొక్క మాటయుఁ బడరాదు.

అట్టి సంగ్రహ మీ తీరున నుండవచ్చును: “అధికారుల మాట మీఱి తెన్మా వైద్యుఁడు తనయొద్దకు ముందుగా వచ్చిన బాలుని ప్రాణము నిలిపెను. దానికై పదవిని, పెండ్లిసంబంధమును బోఁగొట్టుకొనెను. ఆ బాలుఁడు పెద్దవాఁడై మనుష్యులను జంపుచున్నాఁడు. తాను నిలిపిన ప్రాణమును దానే తీయవలసినవాఁడా?” ఇందుఁ బేరొక్కటియే కలదు. వైద్యశాల పేరు, కాఁబోవు మామగారి పేరు, రక్షకభటుని పేరు లేవు. విదేశపుఁ బేర్లు నాలుగు వరుసగాఁ జదివినవానికి వానిలో నొక్కటియు జ్ఞప్తి నుండదు. తెన్మా రూపురేఖలును జెప్పఁబడలేదు. నవలకు వలెఁ గాక చిత్రకథకు ముఖచిత్రమే యా పని చేసియుండును. పటము చూపినదానిని మాటతో మరలఁ జెప్పుట వ్యర్థము.

కడపటి ప్రశ్నను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంగ్రహమును బ్రశ్నతో ముగించుట జపానునందును, ఆంగ్లానువాదములందును బాఱిపోయిన యలవాటు. జపానుసంపాదకులు పెక్కుసారు లాశ్చర్యచిహ్నమును బ్రశ్నచిహ్నమును జంటగాఁ జేర్చి వాక్యమును గాలిలో వ్రేలాడఁదీయుదురు. ప్రశ్న దోషము కాదు, పొల్లుప్రశ్న దోషము. అరకావా హిరోము వ్రాసిన “ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్” 2001 మొదలు 2010 వఱకు వెలువడి యిరువదియేడు సంపుటములైనది. మృతురాలైన తల్లిని రసవాదమువలన మరల బ్రదికింపఁ జూచి యన్నదమ్ములలోఁ దమ్ముఁడు శరీరమునే కోల్పోయెను. అన్నకు నొక కాలును, తమ్ముని యాత్మను నిలుపుటకై యొక చేయియుఁ బోయెను. ఈ కథకు మొదటిసంపుటముయొక్క వెనుకయట్టమీఁద “వీరు ప్రాణములతో బయటపడుదురా?” అని యడిగినచో నంగడిలో దాని ప్రక్కనే వరుసగాఁ బేర్చిన యిరువదియాఱు సంపుటములు జవాబు చెప్పుచుండును. ఒక వస్తువును బొందుటకు సమానమగు వెల యొసంగవలయు నను రసవాదనియమము కథకు మూలము. పోయినదానిని మరలఁ బొందుట కిఁక వెల యేమి మిగిలినది యని యడిగినచో నది ప్రశ్న. తెన్మా విషయమునఁ బైన వేసిన ప్రశ్నయు నిట్టిదే. దానికి సంపుటముల సంఖ్య జవాబు చెప్పఁజాలదు.

సంపుటములు పెక్కగుటవలన మఱియొక సంకటము కలుగును. ఓబా త్సుగుమి కథ వ్రాయఁగా ఓబాతా తకేషి చిత్రించిన “డెత్ నోట్” 2003 మొదలు 2006 వఱకు నడచి పండ్రెండు సంపుటములైనది. ఎవని పేరు వ్రాసిన వాఁడు చచ్చు పుస్తక మొకటి మృత్యుదేవతచేతినుండి జాఱి యొక విద్యార్థికి దొరకును. వాఁడు నేరస్థులను జంపి లోకమును శుద్ధి చేయఁబూనును. పేరు తెలియనీయని యపరాధపరిశోధకుఁ డొకఁడు వానిని వేఁటాడును. మొదటిసంపుటమున కింత చెప్పిన నేమియు లోపము లేదు. సంపుటములలో సగము దాఁటినపిదప నొక సంగతి జరుగును. దాని నిచటఁ జెప్పుట యీ వ్యాసము దూషించు దోషమునే చేయుట యగును గావున విడువఁబడినది. ఆ సంగతి జరిగిన సంపుటమునకుఁ దరువాతిదానికి సంగ్రహము వ్రాయువాఁడు దానిని జెప్పకున్నఁ గథ తెలియదు. చెప్పినచో, మొదటిసంపుటమునకై వచ్చి యేమఱుపాటున నీ సంపుటమును ద్రిప్పిచూచిన వానికి రసభంగ మగును. దీనికిఁ బూర్ణపరిహారము లేదు. ఐనను నడిమిసంపుటముల వెనుకయట్టపై జరిగినదానిని జెప్పక, ఆ సంపుటమున నెవ రేమి కోరుచున్నారో దానినే చెప్పి, “జరిగిన కథ”ను లోపలి మొదటిపుటకుఁ బంపుట మేలు. జపానుసంపుటములలోఁ బాత్రల పటములతోఁ గూడ నదివఱకటి కథను మొదటిపుటలలో వేయుట వాడుకయే. లోపలిపుటను దెఱచువాఁడు కొన్నవాఁడు. వానికిఁ జెప్పిన హాని లేదు.

ఇంతవఱకుఁ జెప్పినది కథ గలవానికి. కథ లేని మాంగాలును గలవు. తనిగుచి జిరో “ఆరుకు హితో” యను గ్రంథమున నొక మనుష్యుఁడు తన యూరివీథులలో నడచును, వానలోఁ దడియును, చెట్టెక్కును. అంతకంటె నేమియు లేదు. దీనికి “ఒకనాఁ డతఁడు నడచుచుండఁగా…” అని యేదియో జరుగఁబోవునట్లు వ్రాయుట వంచన. ఏమియు జరుగదని ధైర్యముగాఁ జెప్పి, ఏమియు జరుగకుండ నెట్లుండునో యా నెమ్మదిని వాక్యముల నడకయందే చూపవలయును. తెజుకా ఒసాము (1928–1989) 1973 మొదలు 1983 వఱకుఁ బత్రికకు వ్రాసిన “బ్లాక్ జాక్” వేఱొక తీరు. పట్టము లేని శస్త్రవైద్యుఁడు తలకు మించిన వెల యడిగి యసాధ్యమగు చికిత్సలు చేయును, ప్రతిప్రకరణమును వేఱుకథ. అందు సంగ్రహింపఁదగినది కథ కాదు, ఆ మనుష్యుఁడు. వాఁ డేల యంత వెల యడుగుచున్నాఁ డను శంకను బుట్టించినఁ జాలును. ఏ యొక్క రోగికథ చెప్పినను మిగిలినవానికి లోపమే.

రసమును జెప్పి గుట్టును దాఁచుటకుఁ గాళిదాసుని శాకుంతలప్రస్తావనను మించిన మేలుబంతి లేదు. నటి పాటకుఁ జొక్కి సూత్రధారుఁడు తా మాడవలసిన నాటక మేదో యొక్కక్షణము మఱచిపోవును. శాపమును లేదు, ఉంగరమును లేదు. మఱపుమాత్రము రంగమునకు వచ్చినది. నాటక మెట్టిదో సభ్యుని మనసున కెక్కెను, ఏమి జరుగునో తెలియలేదు. వెనుకయట్టమీఁదఁ గరుణకథను హాస్యపునడకతోఁ జెప్పువారును, పసిపిల్లల నవ్వులకథను యుద్ధవార్తవలెఁ జాటువారును ఈ ప్రస్తావనను జదువఁదగును.

వస్తువు ప్రఖ్యాత మైనచో గుట్టుచిక్కు లేదని తోఁచును. ఉత్పాద్యవస్తువగు కళాపూర్ణోదయమున మాయారంభా మాయానలకూబరుల గుట్టును ముందుగా విప్పినవాఁడు సూరనార్యునకు శత్రువే. రామకథయందు రావణుఁడు చచ్చునని చెప్పినవానికి నే దోషమును రాదు. ఐనను బ్రఖ్యాతవస్తువునకును దన యపాయము తనకుఁ గలదు. తెజుకా 1972 మొదలు 1983 వఱకు వ్రాసిన “బుద్ధ” యను మహాచిత్రకథయే యిందులకు దృష్టాంతము. “ఇది బుద్ధుని చరిత్ర” అని వెనుకయట్టమీఁద వ్రాసిన నది యసత్యము కాదు. కాని మొదటిసంపుటమును దెఱచినవానికి సిద్ధార్థుఁడు గనఁబడఁడు. అతని జననము చివరిభాగమునఁ గాని రాదు. అంతవఱకుఁ గథను నడపువారు చాప్రుఁ డను దాసబాలుఁడును, జంతువుల మనస్సులలోఁ బ్రవేశింపఁగల తత్తుఁ డను నంటరానివాఁడుగా నెంచఁబడిన పసివాఁడును. వీరు తెజుకా కల్పితులు, బౌద్ధగ్రంథములలో లేరు. అశ్వఘోషుని జదివిన పండితుఁడు పేరు చూచి కొని, పుటలు ద్రిప్పి మోసపోతి ననుకొనును. కులభేదముచేఁ ద్రొక్కఁబడిన యిద్దఱు బాలుర కథతో మొదలై, వారికి మాట చెప్పఁగలవాఁ డింకను బుట్టలేదని సూచించు సంగ్రహమే యీ సంపుటమునకుఁ దగినది. ప్రఖ్యాతకథకు సంగ్రహము వ్రాయువాఁడు కథను గాక కవి చేసిన మార్పును జెప్పవలయును.

వెనుకయట్టమీఁది మాట వట్టి వ్యాపారవిషయము కాదనుటకు నకజావా కేయిజి గ్రంథమే సాక్ష్యము. ఆయన 1939వ సంవత్సరమున హిరోషిమాలోఁ బుట్టి, 1945 ఆగస్టు 6వ తేదీన నణుబాంబు పడునాఁటి కాఱేండ్ల బాలుఁడై బ్రదికి బయటపడెను. తన యనుభవము మూలముగా 1973వ సంవత్సరమున “హదాషి నో గెన్” అను కథ నారంభించెను. అది పది సంపుటములైనది. దీనియందు దినము నెఱుఁగనివారు లేరు; గ్రంథములోనివారుమాత్ర మెఱుఁగరు. చదువరికిఁ దెలిసియుండి పాత్రలకుఁ దెలియకుండుటయే యిందలి రసమునకు మూలము. కావున బాంబును దాఁచి “అల్లరిబాలుని సాహసములు” అని వ్రాయుట వంచన. శవములను బేర్కొని భయపెట్టుటయు గ్రంథమునకు నన్యాయమే, ఏలయన మొదటిసంపుటములోఁ బెద్దభాగము బాంబునకుఁ బూర్వపుఁ గాలము. తండ్రి యుద్ధమును బహిరంగముగా గర్హించును. ఇరుగుపొరుగువారు కుటుంబమును దేశద్రోహు లని వెలివేయుదురు. త్రొక్కినకొలఁది గట్టిపడి పైకి లేచు గోధుమమొక్కవలె నుండుఁ డని యాయన బిడ్డలకుఁ జెప్పును.

2012వ సంవత్సరము డిసెంబరున మత్సుయే నగరవిద్యామండలి తన ప్రాథమిక మాధ్యమిక పాఠశాలలలో నీ గ్రంథమును విద్యార్థులు తామై తీసికొనుటకు వీలులేని యరలలోఁ బెట్టింపఁ గోరెను. జపానుసైనికుల క్రౌర్యమును జూపు పటములు కొన్ని బాలురకుఁ దగవని కారణము చెప్పఁబడెను. పెద్ద వాదము చెలరేఁగి 2013వ సంవత్సరము ఆగస్టున నా కోరిక యుపసంహరింపఁబడెను. ఆ పటములు తరువాతి సంపుటములలోనివి. మొదటిసంపుటమును జదివిన యుపాధ్యాయుఁడు వాని నెఱుఁగఁడు. పది సంపుటములకు నొక్కటే “శాంతిగ్రంథము” అను ముద్ర వేసి విడిచినచో నేడవదానినో పదవదానినో దెఱచినవాఁడు తన్నెవరో మోసగించి రనుకొనుట సహజము. ఏ సంపుటమున కా సంపుటమే తనలోని కాఠిన్యమును ముందుగా నొప్పుకొనవలయును. అమెరికాలోని విజ్ సంస్థవారు వేయునట్టి వయోభేదముద్ర యొక్క యక్షరము. అది హెచ్చరించును గాని యేల కఠినమో చెప్పదు.

2023వ సంవత్సరమున హిరోషిమా నగరవిద్యామండలియే తన శాంతిపాఠములలోనుండి యీ చిత్రకథాభాగములను దొలఁగించెను. అందు జబ్బుపడిన తల్లికై బాలుఁడు చెఱువులోని చేపను దొంగిలించు ఘట్టమును గలదు. గ్రంథములోని కొంతభాగమునే చూపినచో బాంబుపాటుయొక్క యథార్థస్థితి విద్యార్థులకు బోధపడుట కష్ట మనునది చెప్పఁబడిన కారణములలో నొకటి. తొలఁగింపు తగునా తగదా యనునది వేఱు వాదము. కారణముమాత్రము సంగ్రహకర్త వినఁదగినదే. ముందువెనుకలు లేని ఘట్టమున బాలుఁడు దొంగ. ఆకలియు, తల్లిజబ్బును, ఆ సంవత్సరమును గూడఁ గలిసిననే కొడుకు. నాలుగువాక్యములలో నా చేపను బెట్టఁదలఁచినవాఁడు తల్లిని విడువరాదు. తల్లికిఁ జోటు లేనిచో చేపను విడిచి, తండ్రి గోధుమపొలముతో మొదలుపెట్టి, ఆగస్టుమాసము వచ్చుచున్నదని మాత్రము చెప్పి యాఁగుట మేలు.